గంగన్న స్విచ్చు

ధర్మవరం,
మే నెల రెండో ఆదివారం, మధ్యాహ్నం.

నాయనకు నీలావతి దండాలు. పక్కనే కూర్చుని "ఏం రాసింది, ఏం రాసింది" అని నీ మోచెయ్యి లాగుతూ ఉండే అమ్మకూ దండాలు. ఇక్కడ నేను, కిషోర్, పాప ముగ్గురం బాగున్నాం. అక్కడ మీరూ బాగుంటారనే ధైర్యంతోనే ఇది మొదలుపెట్టాను. బాగాలేని సంగతి ఒకటుంది. అది ఒంటికి సంబంధించింది కాదు కాబట్టి చివరికి పెట్టుకున్నాను. నువ్వు మాత్రం ముందే ఆఖరి కాగితం తిప్పకు. పేపరు కూడా వెనక పేజీ నుంచి చదివే మనిషివి, నీ సంగతి నాకు తెలియదా!

ఫోన్ చేయకుండా ఉత్తరం ఏమిటని తమ్ముడు హరీష్ నవ్వాడు. నవ్వనీ. నీకు ఫోన్లో వినపడదు. మెసేజ్ పెడితే వాడు ముందు చదివి, నీకు బాధ కలుగుతుందనుకున్నది మింగేసి, మిగిలింది చెప్తాడు. ఈ సంగతి అట్లా సగం చేరకూడదు. అందుకే కవరు మీద నీ పేరు ఒక్కటే రాసి, అంటించిన చోట అడ్డంగా సంతకం కూడా పెట్టాను. చింపి ఉంటే నాకు చెప్పు, బెంగుళూరు వచ్చి వాడి చెవి మెలేస్తాను.

నీ ఉత్తరం అందింది. ఆపరేషన్ తర్వాత నీ అక్షరాలు మళ్ళీ చిన్నవయ్యాయి. పోయిన ఏడాది ఒక్కొక్క అక్షరం ఇడ్లీ అంత ఉండేది. చుక్కల మందు ఆపొద్దు, కన్ను బాగుందని నువ్వే డాక్టరువైపోవద్దు. పాపకు ముందు పళ్ళు రెండూ ఊడాయి, తాతకు చూపించాలని డబ్బీలో దాచింది. కిషోర్‌కు డిపోలో డ్యూటీ మారింది, ఇప్పుడు కదిరి బస్సు. సాయంత్రానికే ఇల్లు చేరుతున్నాడు.

ఇక నువ్వు కింద గీతలు గీసి మరీ అడిగినవి రెండున్నాయి. "నా ముల్లు మీటరు భేషుగ్గా ఉండగా ఇంకొకటి ఎందుకు కొన్నావు?" అనేది ఒకటి. "ఆదినారాయణ సరిగా పలకరిస్తాండాడా?" అనేది ఇంకొకటి. ఈ రెండింటికీ జవాబు ఒకటే. కొంచెం పొడుగు. కుర్చీలో వెనక్కి ఆనుకుని చదువు.

నాగక్క ఇంట్లో చీర డిజైను ఎత్తే అట్టల జకార్డు తీసేసి ఎలక్ట్రానిక్ జకార్డు పెట్టించారని నీకు తెలుసు. మిషను ఆదినారాయణన్నది, పట్టు ఆయనది, నేత నాగక్కది. ఇద్దరు పిల్లల చదువు ఆ ఒక్క మగ్గం మీదే నడుస్తోంది. ఆ మిషనులో డిజైను నడిపించే కార్డు ఒకటుంటుంది, అరచేయంత పచ్చ బిళ్ళ. అది ఫిబ్రవరిలో కాలింది. కొత్తది వేయించాం, మార్చిలో కాలింది. ఇంకొకటి వేశాం, ఉగాది పోయిన వారానికే అదీ కాలింది. ప్రతిసారీ వైరింగు చూసింది నేనే. ఎర్తు చూశాను, స్క్రూలన్నీ బిగించాను, లైను కొలిచాను. ఎప్పుడు కొలిచినా రెండు వందల ముప్పై, ముప్పై రెండు. ఇంత చక్కటి కరెంటులో కార్డు ఎందుకు కాలుతుందో నాకు అంతు చిక్కలేదు.

మూడోది కాలిన రోజు ఆదినారాయణన్న నాగక్క వాకిట్లో నిలబడి, వీధి వీధంతా వినేట్టు అన్నాడు.

"గంగన్న ఉన్నన్నాళ్ళూ ఈ వీధిలో ఒక్క ఫ్యూజు గూడా పోలే. ఆయన కూతురు చెయ్యి పెట్టినప్పట్నుంచి కార్డు మీద కార్డు కాల్తాండాది. పని రాకుంటే రాదని చెప్పాల. ఇంట్లో కూచోని వంట చేసుకోవాల."

నా కోపం నీకు తెలిసిందే. "అన్నా, నాకు పని రాదని మీటరు పెట్టి చూపించు. రేపట్నుంచి టెస్టరు ముట్టను" అన్నాను.

"మీటరు నువ్వే పెట్టినావు కదమ్మా! అంతా బాగుండాదని నువ్వే చెప్తివి. బాగుంటే ఎందుకు కాలె?" అన్నాడు. ఆయన నాగక్క వైపు తిరిగి, "ఇంకొక్కటి కాలితే మిషను తీస్కపోయి వేరే ఇంట్లో పెడతా. పట్టు కూడా ఆడికే పోతాది" అని చెప్పి వెళ్ళిపోయాడు. నాగక్క నాకు మజ్జిగ ఇచ్చింది. తిట్టి ఉంటే నయమనిపించింది, నాయనా.

ఆ వారంలోనే పదకొండు ఇళ్ళ వాళ్ళు నన్ను పిలవడం మానేశారు. నీ దగ్గర పని నేర్చుకుని పద్నాలుగేళ్ళు, స్తంభమెక్కేటప్పుడు చీర బదులు ప్యాంటు వేసుకుంటే నవ్విన వీధి ఇది. అప్పుడూ నేను దిగలేదు. ఇప్పుడు మాత్రం ఎందుకు దిగుతాను? ఏదో ఒకటి కంటికి కనపడకుండా వచ్చి కార్డును కొట్టి పోతోందని, మీటరు చూసేలోపల అది అయిపోతోందని నాకు అనుమానం వచ్చింది. నీ ముల్లు మీటరును తప్పు పట్టడం లేదు. ముల్లు లేవడానికి కొంచెం టైము కావాలి కదా, ఆ దెబ్బ అంత టైము ఇవ్వడం లేదు. నా డిజిటల్ మీటరు కూడా సెకనుకు రెండు మూడుసార్లు అంకెలు మార్చేదే. అందుకని వేరే మీటరు కోసం ప్యాసింజరు ఎక్కి హిందూపురం వెళ్ళాను.

అక్కడ ధనుంజయ అని, మోటారు సామాన్ల అంగడి. మంచి మాటకారి. "ఎక్కువ ఓల్టేజి వస్తే పట్టుకోవాలా? ఇదో, మ్యాక్స్ బటను ఉండాది. నొక్కి పెడితే పైకి ఎంత పోయిందో రాసి పెట్టుకుంటాది" అని పద్దెనిమిది వందల మీటరు ఒకటి చేతిలో పెట్టాడు. నేను సంబరపడి కొన్నాను. నాగక్క ఇంట్లో ప్లగ్గుకు తగిలించి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఉంచాను. రెండు వందల ముప్పై ఎనిమిది! అంతకన్నా పైకి ఒక్క ఓల్టు లేదు. ఆదినారాయణన్న వచ్చి అంకె చూసి, నవ్వను కూడా నవ్వలేదు, తల ఆడించి పోయాడు.

మరుసటి రోజు పెనుకొండకు వెళ్ళాను. సంజీవప్ప మామ మోటారు వైండింగు అంగడి ఇప్పటికీ బస్టాండు వెనకే ఉంది. మీరిద్దరూ కుర్రవాళ్ళుగా ఒకే బెంచీ మీద కాయిళ్ళు చుట్టిన కథ మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు. టీ తాగాక నా మీటరు తిప్పి చూసి, "ఇది సెకనుకు నాలుగుసార్లు కళ్ళు తెరిచి మూసుకునేది పాపా. అది కళ్ళు మూసుకున్నప్పుడు దొంగ వచ్చి పోతాడు. మ్యాక్స్ కాదు, పీక్ అని ఉండేది కొనాల. సెకనును వెయ్యి ముక్కలు చేసి, ఒక్క ముక్కలో వచ్చి పోయేదాన్ని గూడా పట్టుకుంటాది" అన్నాడు.

"పెద్ద కంపెనీదైతే నలభై వేలు చెప్తారు మామా. నాతో కాదు" అన్నాను.

"నలభై వేలు ఎందుకు? నాలుగైదు వేలల్లో గూడా వస్తాండాయి. కాకుంటే డబ్బా మీద రాసింది నమ్మొద్దు. ఆడనే కొలిచి తీసుకో."

ఎలా కొలవాలో ఆలోచిస్తూ వస్తుంటే నువ్వే గుర్తొచ్చావు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు ట్యూబులైటు చోకుకు చిన్న బ్యాటరీ తగిలించి, "పట్టుకో నీలా" అని నా వేళ్ళకు తీగలిచ్చి, బ్యాటరీ లాగేసేవాడివి. తొమ్మిది ఓల్టుల బ్యాటరీ జెల్లకాయ కొట్టినట్టు కొట్టేది. నేను ఏడిస్తే నువ్వు నవ్వేవాడివి. "బ్యాటరీ కాదు కొట్టింది, లాగేసినప్పుడు చోకు కొట్టింది" అని చెప్పేవాడివి. ఈసారి పాత చోకు, తొమ్మిది ఓల్టుల బ్యాటరీ సంచిలో వేసుకుని మళ్ళీ హిందూపురం వెళ్ళాను.

ధనుంజయ నన్ను చూసి, "ఏమ్మా, మీటరు పని చేయలేదా?" అన్నాడు.

"మీటరు బాగానే ఉండాది. నువ్వు చెప్పిందే బాగలేదు. ఈ రెండు తీగలు పట్టుకో అన్నా" అన్నాను.

"తొమ్మిది ఓల్టులకు నేనేం భయపడతానా?" అని పట్టుకున్నాడు. నేను బ్యాటరీ లాగేశాను. మనిషి స్టూలు మీద నుంచి లేచి, "అయ్యప్పా!" అని కేక వేశాడు. అంగట్లో ఉన్న ఇద్దరు రైతులు పైపులు వదిలేసి వచ్చి చూశారు. అవే తీగలకు ఆయన అమ్మిన మీటరు తగిలించి, మ్యాక్స్ నొక్కి, మళ్ళీ లాగాను. తొమ్మిది చూపించింది.

"నీ చెయ్యి చెప్పింది, నీ మీటరు చెప్పలే. ఇది తీసుకొని నీ చెయ్యంత తెలివి ఉండే మీటరు ఇయ్యన్నా" అన్నాను. రైతులు పడీ పడీ నవ్వారు.

పాపం, మొండివాడు కాదు. చెయ్యి రుద్దుకుంటూనే అటక మీది డబ్బాలన్నీ దింపాడు. క్లాంపు మీటరు ఒకటి తీసి "ఇది ఇన్‌రష్ చూపిస్తాది" అన్నాడు. అది మోటారు ఎత్తుకునేటప్పుడు లాగే కరెంటును పట్టేది, నాకు కావలసింది ఓల్టుల దెబ్బ, వద్దన్నాను. ఇంకొకదాని డబ్బా మీద పీక్ అని రాసి ఉంది, మీటరు మీద ఆ బటనే లేదు. ఆ డబ్బా ఆయన ముఖం ముందు పెట్టి చదివించాను. ఆరోది, అట్టపెట్టె చెమ్మకు మెత్తబడిపోయిన పాత సరుకు, చోకు దెబ్బకు నూట తొంభై చూపించింది. మళ్ళీ లాగితే రెండు వందల పది. పది సార్లలో పది సార్లూ పట్టింది. వెయ్యి ఓల్టుల దాకా తట్టుకుంటుందని రాసుంది, ప్రోబులు, అంటే తగిలించి కొలిచే తీగలు, కూడా మందంగా, గట్టిగా ఉన్నాయి. ఐదు వేలు చెప్పాడు.

"దుడ్ల దగ్గర మాత్రం గొడవ పెట్టుకోవద్దమ్మా" అని ముందే చేతులు జోడించాడు. గొడవ పెట్టుకున్నాను. పాతది వాపసు తీసుకుని, పైన రెండు వేల నాలుగు వందలు తీసుకున్నాడు. ఇదీ నా కొత్త మీటరు కథ, నాయనా. నీ ముల్లు మీటరు గూట్లో అట్లాగే ఉంది, వారానికోసారి తుడుస్తున్నాను.

వచ్చేటప్పుడు కొత్త మీటరు చూపించాలని మళ్ళీ పెనుకొండలో దిగాను. సంజీవప్ప మామ మెచ్చుకున్నాడు. "సరే, దెబ్బ యాడ్నుంచి వస్తాండాదని అనుకుంటాండావు?" అన్నాడు. తెలియదన్నాను. నాగక్క ఇంటి వైరింగు గీసి చూపించమన్నాడు. గీశాను. మగ్గం గుంత పక్కన కుడిచేతికి అందేట్టు ఒకటే స్విచ్చు. దాని కింద లైటు, గోనెపట్టలు తడిపే కూలరు, కూలరు పంపు, ఇప్పుడు కొత్తగా జకార్డు మిషను.

మామ కాగితం మీద ఆ స్విచ్చు దగ్గర వేలు పెట్టాడు.

"స్విచ్చు ఆపితే కార్డూ, కూలరూ రెండూ ఒకేసారి ఆగిపోతాయి కదా?"

"ఆగిపోతాయి."

"కూలరు మోటారు పెద్ద చోకు మాదిరే పాపా. దాంట్లో ఉండే కరెంటు ఒక్కసారిగా యాడికి పోవాల? లైన్లోకి పోకుండా దారి మూసేసినావు. పక్కన కార్డు ఒకటే ఉండాది. దాంట్లోకి దూకుతాది." నా ముఖం చూడకుండా ఇంకో మాట అన్నాడు. "ఇది మీ నాయన స్విచ్చు కదమ్మా."

ఇప్పుడు ఆఖరి కాగితం తిప్పు.

అవును, నీ స్విచ్చే. నాగక్క అత్త మగ్గం నేసే రోజుల్లో పంపు ఆపడం మరచిపోయి, గుంతలోకి నీళ్ళు వచ్చి, పడుగంతా తడిసి పాడైతే ఆమె మూడు రోజులు అన్నం తినలేదని, నువ్వు ఒక్క పైసా తీసుకోకుండా వేసిన స్విచ్చు. నేసేవాళ్ళు గుంతలో నుంచి లేచేటప్పుడు ఒక్కటి ఆపితే అన్నీ ఆగిపోవాలని నువ్వే ఆలోచించి వేసినది. ఆ తర్వాత నలభై మూడు ఇళ్ళ వాళ్ళు అడిగి వేయించుకున్నారు. ఈ ఊళ్ళో దాన్ని మెయిన్ స్విచ్చు అనరు, గంగన్న స్విచ్చు అంటారు. పొద్దున మగ్గం మీద కూర్చునే ముందు దానికి చెయ్యి తాకించి కళ్ళకద్దుకుంటారు.

సంజీవప్ప మామ సొరుగులో నుంచి చిన్న నీలం బిళ్ళ తీసి ఇచ్చాడు. "ఇది కార్డు ప్లగ్గు లోపల అడ్డంగా వెయ్యి. దెబ్బను ఇది మింగుతాది. ఎవురికీ చెప్పే పని లే. గంగన్న పేరు గంగన్నకు ఉంటాది, నీ పేరు నీకు ఉంటాది" అన్నాడు. ఆయన నీ స్నేహితుడిగా చెప్పాడు. నేను తీసుకున్నాను.

పోయిన నెల ఒక బుధవారం పొద్దున అందరినీ పిలిచి నాగక్క ఇంట్లో కొత్త మీటరు పెట్టాను. మిషను ప్లగ్గు పీకేసి, అది ఉండే చోట ప్రోబులు పెట్టాను. కూలరు తిరుగుతుండగా పీక్ నొక్కితే మూడు వందల ఇరవై ఎనిమిది. రెండు వందల ముప్పై లైనులో అల కొన అంతే ఉంటుంది, మామూలే. నాగక్కతో స్విచ్చు ఆపించాను. ఎనిమిది వందల అరవై రెండు. ఆదినారాయణన్న ముందుకు వంగి చూసి, ఈసారి నవ్వాడు.

"ఇంత వస్తాండాదా! అయితే ఇది కరెంటోళ్ళ తప్పే. నువ్వు పనిమంతురాలివే పాపా, నేనే అనరాని మాట అంటిని" అన్నాడు. వాకిట్లో ఉన్నవాళ్ళంతా కరెంటు ఆఫీసును తిట్టడం మొదలుపెట్టారు.

నేను "లైన్లోనే ఏదో ఉండాది" అన్నాను.

అదీ నా తప్పు. అబద్ధం, నాయనా. నీ పేరు కాపాడాలని అన్నానని చెప్పుకోవచ్చు. కానీ ఎన్ని వారాల తర్వాతో వీధిలో నన్ను పొగిడారు, అది కూడా తియ్యగా ఉండింది. నాగక్క మిషను ప్లగ్గులో నీలం బిళ్ళ వేసి, మిషను నడిపించి, ఇంటికి వచ్చి నీకు ఆ ఉత్తరం రాశాను. "కార్డులు కాలడం ఆగింది, అంతా బాగుంది" అని. నువ్వు సంతోషపడి జవాబు రాశావు. ఆ జవాబు ఇప్పుడు నా ముందే ఉంది.

ఆ శుక్రవారమే తిప్పమ్మ కార్డు కాలింది.

తిప్పమ్మ తెలుసు కదా, రైల్వే గేటు దగ్గరి ఇల్లు, నోరు పెద్దది. ఎవరి దయా వద్దని సొంతంగా మిషను కొనుక్కుంది. పెట్టి నాలుగో రోజు. మగ్గం మీద పెళ్ళిచీర సగంలో ఉంది, పెళ్ళి పదిహేను రోజుల్లో ఉంది. ఆమె ఇంట్లోనూ నీ స్విచ్చే. బుధవారం నేను నోరు తెరిచి ఉంటే ఆ కార్డు కాలేది కాదు. తిప్పమ్మ నన్ను చూసి, "వచ్చినావా తల్లీ, నువ్వు వస్తే నాకు ధైర్యం. ఈ కరెంటోళ్ళను ఏం చేయాలో చెప్పు" అంది.

పని నేర్పిన మొదటి రోజు నువ్వు నాతో ఏమన్నావో మరచిపోయి ఉంటావు. "మీటరు ఏం చూపిస్తే అది చెప్పాల. నీకు ఇష్టమైంది కాదు, ఇంటాయనకు ఇష్టమైంది కాదు" అన్నావు. నేను మరచిపోలేదు. రెండు రోజులు పక్కన పెట్టాను, అంతే.

ఆ సాయంత్రం వీధి వాళ్ళను తిప్పమ్మ ఇంటికి పిలిచి, దాపరికం లేకుండా చెప్పాను. దెబ్బ లైన్లో నుంచి రావడం లేదు, మా నాయన వేసిన స్విచ్చులో నుంచి వస్తోంది, బుధవారం నాకు తెలిసి కూడా దాచాను అన్నాను. ఆదినారాయణన్న ముఖం ఎర్రబడింది.

"పెద్దాయన ఈడ లేడని ఆయన మీద పెడతాండావా? కన్నతండ్రి మీద? ఆయన స్విచ్చుకు దండం పెట్టి బతికిన వీధమ్మా ఇది!"

"నేనూ పెట్టినాను అన్నా, నీకన్నా ఎక్కువసార్లు పెట్టినాను. మా నాయన తప్పు చెప్పేదానికి మీ అందరికన్నా నాకే హక్కు ఉండాది. నమ్మకుంటే స్విచ్చు నువ్వే ఆపు, మీటరు నువ్వే చదువు" అన్నాను.

పది సార్లు ఆపాడు. నాలుగు సార్లు మామూలుగానే వచ్చింది. ఆరు సార్లు ఏడు వందలు దాటింది, ఒకసారి తొమ్మిది వందల పది. రోజూ కాకుండా అప్పుడప్పుడే కార్డులు ఎందుకు కాలుతున్నాయో అప్పుడు అందరికీ అర్థమైంది. తర్వాత కూలరు ప్లగ్గు పీకేసి పది సార్లు ఆపించాను. ఒక్కసారి కూడా మూడు వందల ముప్పై దాటలేదు. ఆదినారాయణన్న మీటరు నా చేతికిచ్చి, పోయి అరుగు మీద కూర్చున్నాడు.

నువ్వు ఏమంటావో నాకు తెలుసు. నేను వేసినప్పుడు కార్డులు యాడివి, అట్టల జకార్డే కదా అంటావు. నిజమే. నువ్వు వేసిన రోజు అది ఒప్పే, నాగక్క అత్త కళ్ళనీళ్ళు తుడిచిన పని అది. కానీ నాలుగేళ్ళ కింద మార్కెట్టు వీధిలో మొదటి ఎలక్ట్రానిక్ మిషను నువ్వే నీ స్విచ్చు కింద కలిపావు. దాని కార్డు కాలితే ముల్లు మీటరు పెట్టి, "రెండు వందల ముప్పై ఉండాది, నా వైరింగులో తప్పు లే, కంపెనీవాడిదే దొంగ సరుకు" అన్నావు. నేను పక్కనే టార్చి పట్టుకుని నిలబడి ఉన్నాను. నేనూ ఔనన్నాను. ముల్లు అబద్ధం చెప్పలేదు, దానికి అంతే కనపడింది. మనకూ అంతకన్నా కనపడింది లేదు. ఇప్పుడు కనపడింది, ఇక దాచడం నా వల్ల కాదు. దీనికి నువ్వు నన్ను తిట్టినా, ఉత్తరం చింపినా, నేను చెప్పిన మాట వెనక్కి తీసుకోను.

తిప్పమ్మ కార్డు నేనే తెప్పించాను, చీర అందింది, పెళ్ళి అయింది. ఇక స్విచ్చుల సంగతి. నేను స్క్రూడ్రైవరుతో ఆమె స్విచ్చు దగ్గరకు వెళితే తిప్పమ్మ అడ్డంగా నిలబడింది.

"దీన్ని పీకేస్తావా? పీకితే చెయ్యి విరగ్గొడతా. ఇరవై ఏండ్లు నా గుంతలోకి చుక్క నీళ్ళు రాకుండా చూసినాది."

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. పీకలేదు. నీ స్విచ్చు ఎక్కడిది అక్కడే ఉంది. లైటు, కూలరు, పంపు దాని కిందే ఉన్నాయి, నువ్వు దేనికి వేశావో ఆ పని అది చేస్తోంది. కార్డుకు మాత్రం మెయిన్ బోర్డు నుంచి వేరే తీగ లాగి, వేరే స్విచ్చు పెట్టాను. లేచేటప్పుడు ముందు మిషను ఆపాలి, తర్వాత గంగన్న స్విచ్చు ఆపాలి అని గోడ మీద ఎర్ర రంగుతో రాశాను. మిషను ఉన్న ఇళ్ళు, రేపో మాపో కొనబోయే ఇళ్ళు కలిపి ఇరవై ఆరు పూర్తి చేశాను. పిలవడం మానేసిన పదకొండు ఇళ్ళకు పిలవకుండానే వెళ్ళాను. ఒకాయన తలుపు వేసుకున్నాడు. కిటికీలో నుంచి మీటరు చూపించాను. తలుపు తీశాడు.

ఆదినారాయణన్న పలకరిస్తున్నాడా అని అడిగావు. ముభావంగా పలకరిస్తున్నాడు. నా మీద కోపం పోలేదు. కానీ నాగక్క మిషను నాగక్క ఇంట్లోనే ఉంది, నిన్న కొత్త పడుగు కూడా పంపాడు. నాకు అది చాలు.

ఇంకొక్క ఇల్లు ఉంది, నాయనా. దాన్ని ముట్టుకోలేదు. అది మనిల్లు. నడిమింట్లో నువ్వు అన్నిటికంటే ముందు వేసి చూసుకున్న స్విచ్చు, అమ్మ పాత మగ్గం పక్కన, అట్లాగే ఉంది. నీకు కన్ను బాగైంది కదా, హరీష్‌ను బండి ఎక్కించమను. నేను ధర్మవరం స్టేషనుకు వస్తాను. కూలరు వేసి, కొత్త మీటరు నీ చేతికిస్తాను. పీక్ బటను కుడివైపు పైన ఉంటుంది, పసుపు రంగుది. నీ స్విచ్చు నువ్వే ఆపు, అంకె నువ్వే చదువు. అంతా చూశాక కూడా నేను తప్పు చెప్పానని నీకు అనిపిస్తే, అప్పుడు వీధిలో నిలబడి అందరి ముందూ నన్ను తిట్టు. తల వంచుకుని వింటాను. కొలవకుండా తిడితే మాత్రం ఒప్పుకోను.

అమ్మకు ఇదంతా నువ్వే నీ నోటితో చదివి వినిపించు. ఏదీ మింగొద్దు.

ఇట్లు,
నువ్వు చోకు జర్కులతో పని నేర్పిన నీ కూతురు,
నీలావతి.